కార్తీకంలో కొండెక్కుదామా?

మీ అమ్మానాన్నల పెళ్లిరోజు ఏ నెలలో వస్తుంది? తరగతిలో ఈ ప్రశ్న వేసి చూడండి. వేసవి నెలల తరవాత ఎక్కువ చేతులు లేచేది బహుశా నవంబరు, డిసెంబరు నెలలకే. క్షీరాబ్ది ద్వాదశి దాటాక పెళ్లి ముహూర్తాలు మళ్లీ మొదలవుతాయి కదా! అందుకే చాలా ఇళ్లలో పెళ్లిరోజు సరిగ్గా శరదృతువు చివర, చలి మొదలయ్యే వేళ వస్తుంది. ఆ రోజున చీర, మిఠాయి పొట్లం కాకుండా ఇద్దర్నీ ఒక కొండమీదికి నడిపించి తీసుకువెళ్దామని మీకు అనిపించిందనుకోండి. ఆలోచన మంచిదే. కానీ యాభయ్యో ఏటికి దగ్గరపడుతున్న ఇద్దరు మనుషుల్ని, రోజూ కొండలెక్కే అలవాటు లేనివాళ్లని, మీ మాట మీద అడవిలోకి తీసుకుపోతున్నారన్నమాట. ఆ ప్రయాణానికి మీరే బాధ్యులు. కాబట్టి టిక్కెట్లకన్నా ముందు కొంత లెక్క, కొంత భౌతికశాస్త్రం, కొంత జీవశాస్త్రం చూసుకోవాలి.

ముందుగా కాలం సంగతి. ఇంగ్లీషులో 'ఆటమ్' అన్న మాటకు మన నిఘంటువులు ఆకురాలు కాలమని అర్థం చెబుతాయి. అనువాదకులు అలాగే వాడేస్తుంటారు. అది యూరప్ ఋతువు. మన అడవుల్లో ఆకులు దండిగా రాలేది మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజ కార్తీకాల్లో అడవి పచ్చగా, నేల తడిగా, వాగులు పారుతూ ఉంటాయి. వానలు గాలిలోని దుమ్మును కడిగేసి వెళ్లినందువల్ల దూరపు కొండలు స్పష్టంగా కనిపిస్తాయి. కొండ నడకకు ఇంతకన్నా మంచి కాలం లేదు. ఒకే ఒక చిక్కు, బంగాళాఖాతంలో తుపానుల కాలం కూడా ఇదే. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను లోపలి అడవి జిల్లాలలో కూడా వర్షాలు కురిపించింది. బయలుదేరే ముందు వారం రోజులూ వాతావరణ శాఖ ప్రకటనలు చూస్తూ ఉండాలి.

ఏ కొండ?

మనం ఒక ఉదాహరణ తీసుకుందాం. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, కుంట (కోంటా) దగ్గర, భేజ్జి అనే ఊరు ఉంది. తెలుగు నేలకు ఆనుకుని ఉన్న బస్తర్ దక్షిణపు కొస ఇది. శబరి నది ఈ ప్రాంతం దాటి వచ్చి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. ఇక్కడి దొర్ల, కోయ గిరిజనుల మాటల్లో తెలుగు కలగలిసి ఉంటుంది. భద్రాచలం వైపు నుంచి బస్తర్ వెళ్లేవారికి ఇది దాదాపు గుమ్మం లాంటి చోటు.

అయితే మన నడక భేజ్జి అడవుల్లో కాదు. ఇది చాలా ఏళ్లు సాయుధ ఘర్షణ సాగిన ప్రాంతం. 2017 మార్చి 11న భేజ్జి సమీపంలో జరిగిన దాడిలో 12 మంది కేంద్ర రిజర్వు పోలీసు జవాన్లు చనిపోయారు. నేలలో పాతిపెట్టిన మందుపాతర ఘర్షణ తగ్గిందా లేదా అన్నది చూడదు. దానిలోని పేలుడు పదార్థం ఏళ్ల తరబడి చెడకుండా ఉండగలదు. కాబట్టి జిల్లా అధికారులనూ ఊరివాళ్లనూ అడగకుండా దక్షిణ బస్తర్‌లో ఏ అడవి కాలిబాటా ఎక్కకూడదు, ఎవరూ నడవని కొత్త దారి అసలే తొక్కకూడదు.

పటం తీసి భేజ్జి నుంచి దాదాపు నేరుగా ఉత్తరానికి చూడండి. స్కేలు పెట్టి కొలిస్తే వంద కిలోమీటర్ల లోపే, దంతెవాడ జిల్లాలో, ఉత్తర దక్షిణాలుగా సాగిన రెండు సమాంతర కొండ వరసలు కనిపిస్తాయి. అవే బైలడిలా కొండలు. ఎద్దు మూపురంలా ఉంటాయి కాబట్టి ఆ పేరు. శిఖరాలు 1,200 మీటర్లకు పైగా లేస్తాయి. ఇవి ఇనుప కొండలు. 1930లలో భారత భూవిజ్ఞాన సర్వే శాస్త్రజ్ఞుడు క్రూక్‌షాంక్ ఇక్కడి నిక్షేపాలను పటంలోకి ఎక్కించాడు. 1968 నుంచి జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఇక్కడ ముడి ఇనుము తవ్వుతోంది. ఆ ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి వేసిందే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం. అరకు మీదుగా, యాభైకి పైగా సొరంగాలలోంచి, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తునున్న శిమిలిగూడ స్టేషన్ గుండా పోయే ఆ దారిలోనే విశాఖ నుంచి దంతెవాడకు ప్రయాణికుల రైలు కూడా నడుస్తుంది. బచేలి, కిరండూల్ పట్టణాలలో మీకు తెలుగు మాట తరచు వినిపిస్తుంది.

దంతెవాడకు దగ్గర్లో, ఫరస్‌పాల్ గ్రామం మీదుగా వెళ్లే ఢోల్‌కల్ శిఖరం మన గమ్యం అనుకుందాం. ఎత్తు సుమారు 900 మీటర్లు. శిఖరాగ్రాన ఆరుబయట ఒక రాతి గణపతి కూర్చుని ఉంటాడు. ఛిందక నాగవంశీయుల కాలం నాటి, సుమారు వెయ్యేళ్ల విగ్రహమని చెబుతారు. 2012లో బయటి ప్రపంచానికి దీని గురించి తెలిసింది. 2017 జనవరిలో విగ్రహాన్ని ఎవరో కిందికి తోసివేయగా ముక్కలైపోయింది. ఆ ముక్కలు ఏరి, అతికించి, మళ్లీ అక్కడే నిలిపారు. శిఖరం మీద చోటు తక్కువ, పక్కన నిలువు లోయ. ఫొటో కోసం వెనక్కి నడిచే అలవాటున్న నాన్నగార్లను అక్కడ ఒక కంట కనిపెట్టి ఉండాలి.

దారిలో ఎక్కడైనా ఎర్రటి, నల్లటి రాయి కనిపిస్తే చేతిలోకి తీసుకుని బరువు చూడండి. మామూలు పలుగురాయి సాంద్రత నీటికి 2.6 రెట్లు. హెమటైట్ సాంద్రత 5 రెట్లకు పైగా. అదే పరిమాణం, రెట్టింపు బరువు! రెండువందల కోట్ల ఏళ్లకు ముందు సముద్రపు నీటిలో కరిగి ఉన్న ఇనుము, ఆనాటి సూక్ష్మజీవులు విడుదల చేసిన ఆక్సిజన్‌తో కలిసి, తుప్పులా అడుగుకు దిగి పొరలు పొరలుగా పేరుకుంది. మీ చేతిలో ఉన్నది ఆ తుప్పే. దీనితో ఒక చిన్న ప్రమాదం కూడా ఉంది. హెమటైట్‌కు దిక్సూచి ముల్లు అంతగా చలించదు గాని, మాగ్నెటైట్ కలిసిన రాళ్ల దగ్గర తప్పుదారి చూపిస్తుంది. ఇనుప కొండల్లో దిక్సూచిని ఒక్కదాన్నే నమ్ముకోకండి.

సూర్యుడు ఎన్నింటికి దిగుతాడు?

కొండ మీద జరిగే అనర్థాలకు అసలు కారణం చాలాసార్లు కొండ కాదు, గడియారం. బయలుదేరడం ఆలస్యం, పైన కూర్చోవడం హాయి, దిగేటప్పటికి చీకటి. అందుకే లెక్క సాయంత్రం నుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి.

దంతెవాడ అక్షాంశం ఉత్తరంగా సుమారు 19 డిగ్రీలు. నవంబరు 20న అక్కడ సూర్యుడు 6.15 ప్రాంతంలో ఉదయించి, 5.25 ప్రాంతంలో అస్తమిస్తాడు. జూన్ మూడో వారంలో అయితే అస్తమయం 6.45కు. అంటే సాయంత్రం నుంచి గంటా ఇరవై నిమిషాలు కోత పడిందన్నమాట.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఏడాదిలో అతి చిన్న పగలు డిసెంబరు 22 ప్రాంతంలో వస్తుందని పాఠంలో చదువుకున్నారు. మరి సూర్యుడు అందరికన్నా తొందరపడి ఇంటికిపోయే రోజు కూడా అదేనా? కాదు! మన అక్షాంశాలలో అతి త్వరగా సూర్యాస్తమయం అయ్యేది నవంబరు మూడు, నాలుగు వారాల్లోనే. భూమి దీర్ఘవృత్త కక్ష్యలో తిరుగుతుంది, దాని అక్షం వంగి ఉంది. ఈ రెండు కారణాల వల్ల ఒక మిట్టమధ్యాహ్నం నుంచి మరుసటి మిట్టమధ్యాహ్నం దాకా పట్టే కాలం ఏడాది పొడుగునా సరిగ్గా 24 గంటలు ఉండదు. నవంబరు, డిసెంబరు నెలల్లో అది 24 గంటలకన్నా కొన్ని సెకన్లు ఎక్కువ. డిసెంబరు చివర్లో ఈ తేడా రోజుకు అర నిమిషం దాకా వస్తుంది. దానితో మిట్టమధ్యాహ్నం మన గడియారం ప్రకారం రోజురోజుకూ ఆలస్యమవుతూ, సూర్యాస్తమయాన్ని కూడా తనతో లాక్కుపోతుంది. పగలు ఇంకా కుంచించుకుపోతున్నా సాయంత్రాలు పొడుగవడం మొదలవుతుంది. నెల రోజులపాటు స్థానిక దినపత్రికలో వచ్చే సూర్యోదయ సూర్యాస్తమయ వేళలను గ్రాఫు కాగితం మీద గుర్తించి చూడండి, ఇది మీకే తేలుతుంది. మన పెళ్లిరోజు ప్రయాణానికి దీని అర్థం ఒక్కటే: ఏడాది మొత్తంలో సాయంత్రం అతి పొట్టిగా ఉండే వారాన్ని మనం ఎంచుకున్నాం.

అంతేకాదు, సూర్యుడు దిగాక వెలుతురు కూడా మన దగ్గర ఎక్కువసేపు నిలవదు. ఉష్ణమండలంలో సూర్యుడు దిగంతంలోకి దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు. ఉత్తర దేశాలలో ఏటవాలుగా జారుతాడు. నవంబరులో లండన్ వాళ్లకు సంధ్యవెలుగు 35 నిమిషాలకు పైగా దొరికితే మనకు 23 నిమిషాలు. అది కూడా మైదానంలో. బైలడిలా వరసలు ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయని చెప్పుకున్నాం కదా. కొండకు తూర్పు వాలులో నడిచేవారికి పడమటి గట్టు అడ్డం వస్తుంది. ఆ గట్టు మీ కంటికి దిగంతం నుంచి 15 డిగ్రీల ఎత్తులో ఉంటే, సూర్యుడు గంటకు 13 డిగ్రీల చొప్పున దిగుతాడు కాబట్టి, మీకు గంటకు పైగా ముందే మాయమవుతాడు. పైన చెట్ల కప్పు ఉండనే ఉంది. పంచాంగంలో అస్తమయం 5.25 అయినా, అడవి బాటలో నాలుగున్నరకే రాయికీ వేరుకూ తేడా తెలియకపోవచ్చు.

ఇప్పుడు నడకకు ఎంతసేపు పడుతుందో చూద్దాం. 1892లో నేస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సులువైన సూత్రం చెప్పాడు. మన కొలమానాల్లో చెప్పాలంటే, ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. ఎత్తును సర్వే ఆఫ్ ఇండియా వారి స్థలాకృతి పటంలోని కాంటూరు రేఖలతో లెక్కించవచ్చు. ఒకే ఎత్తునున్న బిందువులను కలిపే గీతలివి. 1:50,000 స్కేలు పటంలో సాధారణంగా ఒక గీతకూ మరొక గీతకూ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా ఉంటుంది. మీ బాట 25 గీతలను దాటితే 500 మీటర్లు ఎక్కుతున్నట్టు. గీతలు దగ్గరగా మూగితే నిట్టనిలువు, ఎడంగా ఉంటే చదును.

ఉదాహరణకు ఒక వైపు దూరం 4 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు 500 మీటర్లు అనుకోండి. దూరానికి 48 నిమిషాలు, ఎత్తుకు 50 నిమిషాలు, మొత్తం 98 నిమిషాలు. కానీ నేస్మిత్ లెక్క ఆరోగ్యవంతులైన, అలవాటున్న నడకరులకు, మంచి బాటకు. మీ అమ్మగారు ఆఫీసులోనో వంటింట్లోనో పనిచేసే మనిషి అయితే దాన్ని రెట్టింపు చేయండి, 3 గంటల 20 నిమిషాలు. దిగడానికి రెండున్నర గంటలు. ఉదయం 8 గంటలకు బయలుదేరితే 11.20కి పైన ఉంటారు. గంటన్నర కూర్చుని, తిని, 12.50కి లేస్తే 3.20కి కింద. చీకటికి ముందు గంటకు పైగా మిగులుతుంది. ఆ మిగులు మీకు ఇష్టమొచ్చినట్టు ఖర్చు చేసుకోవడానికి కాదు. చెప్పు తెగినా, కాలు మెలికపడినా వాడుకోవడానికి. బయలుదేరేముందే ఒక వేళ నిర్ణయించుకోండి: ఒంటిగంటకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. శిఖరం వంద అడుగుల దూరంలో ఉన్నా సరే. ఈ నియమాన్ని కింద ఉండగా ఒప్పుకోవడం సులువు, పైన కష్టం. టార్చిలైటు మాత్రం ఎట్లాగూ ఉండాలి, ఒక్కొక్కరికీ ఒకటి.

మరి తెల్లవారగానే 6.15కే ఎందుకు బయలుదేరకూడదు? మంచు వల్ల.

లోయలో చలి, గట్టుమీద వెచ్చన

కార్తీకపు రాత్రి ఆకాశం నిర్మలంగా, గాలి నిశ్చలంగా ఉంటుంది. పగలంతా వేడెక్కిన నేల ఆ వేడిని పరారుణ కిరణాల రూపంలో ఆకాశంలోకి వదిలేస్తుంది. అడ్డుకునే మబ్బు లేదు. నేల చల్లబడుతుంది, దాన్ని తాకిన గాలి కూడా చల్లబడుతుంది. చల్లగాలి బరువు ఎక్కువ. అది నీళ్లలాగే వాలు వెంట జారి లోయలో చేరుతుంది. వానాకాలపు తడి ఇంకా ఆరని లోయలో ఆ గాలి మరింత చల్లబడితే నీటి ఆవిరి సూక్ష్మ బిందువులుగా మారి పొగమంచు కమ్ముతుంది. పైకి పోయేకొద్దీ చలి పెరగాలన్న మామూలు నియమం అప్పుడు తలకిందులవుతుంది. లోయలో వణికే చలి, గట్టుమీద కాస్త వెచ్చన. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పాడేరు దగ్గరి వంజంగి కొండకు నవంబరు, డిసెంబరు నెలల్లో జనం చీకటితో ఎక్కి చూసే 'మేఘాల సముద్రం' ఈ విలోమం చేసే పనే. మైదానపు గాలి మూతపెట్టినట్టు కింద ఉండిపోతుంది, దాని మీద ఎండ పడి తెల్లగా మెరుస్తుంది.

బైలడిలా లోయల్లోనూ ఇదే భౌతికశాస్త్రం. సూర్యుడు నేలను వేడిచేయడం మొదలుపెట్టాక మూత కరుగుతుంది. మంచులో బాట చీలికలు కనిపించవు, రాళ్లు జారుతాయి. ఎలుగుబంట్లు తిరిగే వేళ కూడా అదే. అందుకే తొలివెలుగుకు గంటో గంటన్నరో ఆగి కదలడం మంచిది. వీలైతే రెండు థర్మామీటర్లు తీసుకెళ్లండి. ఏడు గంటలకు ఒకటి బస చేసిన చోట, ఎనిమిదిన్నరకు రెండోది వాలు మీద నీడలో చదివి రాసుకోండి. రెండింటినీ ముందుగా ఒకేచోట ఉంచి సరిపోల్చడం మరిచిపోవద్దు. తరవాత కింద ఉన్నవారు అదే వేళకు చదివిన అంకెతో పోల్చండి.

మధ్యాహ్నానికి మామూలు నియమం తిరిగి వస్తుంది. పైకి లేచిన గాలి, పీడనం తగ్గినందువల్ల వ్యాకోచిస్తుంది. వ్యాకోచించడానికి తన వేడినే ఖర్చు చేస్తుంది. సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల సెల్సియస్ చొప్పున ఉష్ణోగ్రత పడిపోతుంది. శబరి లోయకూ బైలడిలా గట్టుకూ ఎత్తులో తేడా దాదాపు వెయ్యి మీటర్లు. భేజ్జిలో చొక్కా తడిసే మధ్యాహ్నం, గట్టుమీద హాయిగా ఉంటుంది. ఇంత ఎత్తుకు ఊపిరందని జబ్బు రాదు. అది మామూలుగా 2,500 మీటర్లు దాటాక వచ్చే సమస్య. ఇక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు తొంభై శాతం.

భయపడవలసింది తడి బట్టకు. ఎక్కేటప్పుడు చెమటతో నూలు చొక్కా, జాకెట్టు తడిసిపోతాయి. శిఖరం మీద గాలి వీస్తూ ఉంటుంది, మీరు కదలకుండా కూర్చుంటారు. నీరు గాలికన్నా దాదాపు 24 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది, పైగా ఆవిరవుతూ ఇంకా లాగుతుంది. శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి దిగితే ప్రమాదం. బయట మంచు పడనక్కరలేదు, పన్నెండు పదిహేను డిగ్రీల్లో కూడా తడిసి, అలిసి, గాలిలో చిక్కుకున్న మనిషికి ఇలా జరగవచ్చు. విరుగుడు చాలా చవక. సంచిలో పొడి చొక్కా ఒకటి, పైకి చేరిన ఐదు నిమిషాల్లో మార్చుకోవడం, పైన ఒక ఉన్ని స్వెట్టరు. అమ్మకు కూడా ఇది వర్తిస్తుంది కాబట్టి చీర కాకుండా సల్వార్ కమీజు వేసుకోమని ముందే ఒప్పించండి. ఈ ఒక్క విషయంలో సైన్సు కన్నా మీ మాటకారితనం పనిచేయాలి.

ఎంత తినాలి, ఎంత తాగాలి

అరవై కిలోల మనిషి 500 మీటర్లు ఎక్కితే స్థితిజశక్తి ఎంత పెరుగుతుంది? 60 × 9.8 × 500, అంటే 2,94,000 జౌళ్లు. కిలోకేలరీలలో సుమారు 70. ఇంతేనా అనిపిస్తుంది. కానీ కండరం మంచి యంత్రమేమీ కాదు. తీసుకున్న శక్తిలో నాలుగోవంతే పనిగా మారుతుంది. కాబట్టి సుమారు 280 కిలోకేలరీలు కాలాలి. కేవలం ఎత్తు ఎక్కడానికే ఇది, దూరం నడిచిన ఖర్చు వేరు. మిగిలిన మూడొంతులు వేడి. దాన్ని శరీరం ప్రధానంగా చెమటతోనే వదిలించుకుంటుంది. ఒక గ్రాము చెమట ఆవిరైతే దాదాపు 2,400 జౌళ్లు పోతాయి. లెక్క వేస్తే, ఈ వేడికి సుమారు 360 గ్రాముల చెమట. కిందికి కారి వృథా అయ్యే చెమట, నడక చెమట, ఊపిరిలో పోయే తేమ కలిపితే గంటకు అరలీటరు నీళ్లు అనుకోవడం క్షేమం. ఆరు గంటలకు ఒక్కొక్కరికీ మూడు లీటర్లు. ఇద్దరికీ ఆరు కిలోల బరువు! అది మోయడానికే మిమ్మల్ని పిలుచుకువెళ్తున్నారనుకోండి.

తిండి ఒకేసారి కడుపునిండా కాకుండా, గంటకోసారి కొంచెం. పల్లీపట్టీ, బెల్లం, అటుకులు, అరటిపండు చాలు. దారిలో సెలయేటి నీరు తాగవలసి వస్తే మరిగించాలి. 900 మీటర్ల ఎత్తున నీరు వందకు బదులు 97 డిగ్రీలకే మరుగుతుంది గాని, ఒక నిమిషం తెర్లనిస్తే క్రిములు చావడానికి అది సరిపోతుంది. అన్నం మాత్రం కాస్త ఆలస్యంగా ఉడుకుతుంది. ఇంతకీ అడవిలో మంట పెట్టకపోవడమే మేలు. ఎండుగడ్డి సంగతి అటుంచి, రాతి గోడల కింద పొగ లేస్తే కొండ తేనెటీగలు రెచ్చిపోతాయి. ఒక ఈగ కుడితే అక్కడి నుంచి వెలువడే రసాయనం మిగిలిన ఈగలకు పిలుపులా పనిచేస్తుంది. ఆ వాసన అరటిపండును పోలి ఉంటుంది. ఘాటైన సెంటు పూసుకుని రావద్దని ఇద్దరికీ చెప్పండి, పెళ్లిరోజైనా సరే.

ఇద్దరు, ఒకే అడుగు

జంటగా నడిచేవారిలో సాధారణంగా ఒకరు వేగం, ఒకరు నిదానం. వేగంగా నడిచేవారు ముందుకుపోయి, ఆగి, వెనకవారు రాగానే మళ్లీ లేస్తారు. అంటే ఎక్కువ విశ్రాంతి అవసరమైనవారికి అసలు విశ్రాంతి దొరకదు! నిదానంగా నడిచేవారిని ముందు ఉంచండి. వారు నడిచిన వేగమే అందరి వేగం. ఎక్కువ తక్కువలు తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. ఎక్కుతూ మాట్లాడగలిగితే సరైన వేగం. మాట మధ్యలో ఊపిరికి ఆగవలసి వస్తే ఎక్కువ వేగం. నాడి చూడదలిస్తే, 220 నుంచి వయసు తీసివేయగా వచ్చే అంకె గుండె గరిష్ఠ వేగానికి స్థూలమైన అంచనా. యాభై ఏళ్లవారికి 170. అందులో డెబ్భై శాతం, అంటే నిమిషానికి 120 దాటకుండా నడవడం మంచిది. రక్తపోటుకో మధుమేహానికో మందులు వాడేవారు ముందే వైద్యుణ్ణి అడగాలి. కొన్ని రక్తపోటు మాత్రలు నాడి వేగాన్ని తగ్గిస్తాయి కాబట్టి వారికి ఈ లెక్క పనికిరాదు. ఛాతీలో బరువు, ఎడమచేతిలో నొప్పి, చల్లని చెమట కనిపిస్తే శిఖరం సంగతి మరిచిపోండి.

ఎక్కడం గుండెకు పరీక్ష అయితే, దిగడం మోకాళ్లకు. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువు మోయాలి. ఇలా సాగుతూ పనిచేసిన కండరపు పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. నొప్పి ఆ రోజు తెలియదు, మర్నాడో ఆ మర్నాడో మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. మెట్ల మీద దిగే అడుగులో మోకాలి మీద పడే బలం శరీర బరువుకు మూడురెట్లు దాటుతుంది. చేతిలో వెదురుకర్ర, చిన్న చిన్న అడుగులు, అంతే. ప్రయాణానికి నెల రోజుల ముందు నుంచి ఇంటి మేడమెట్లు రోజూ ఎక్కి దిగమనండి. దిగడమే అసలు సాధన అని చెప్పండి.

అసలు ఇంత శ్రమ ఎందుకు, సినిమాకు వెళ్తే పోదా? ఈ ప్రశ్నకు కూడా ఒక ప్రయోగం ఉంది. అమెరికాలో ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడూ అతని సహచరులూ 2000లో ప్రచురించిన అధ్యయనంలో, భార్యాభర్తలను మణికట్టూ చీలమండా కలిపి కట్టేసి, ఒక దిండును చేతులు వాడకుండా ఇద్దరి మధ్యా ఇరికించుకుని పరుపుల మీద పాకమన్నారు. మరికొందరికి ఇదే గదిలో ఏ ఉత్సాహమూ లేని పని ఇచ్చారు. పాకి, నవ్వి, లేచిన జంటలు తమ దాంపత్యం గురించి అంతకుముందుకన్నా ఎక్కువ సంతృప్తి చెప్పాయి. ఏడెనిమిది నిమిషాల ప్రయోగం నుంచి పెద్ద సిద్ధాంతాలు తీయడం నాకు నచ్చదు. అయినా కొత్త పని కలిసి చేయడంలో ఏదో ఉందన్న మాట కొట్టిపారేయదగ్గది కాదు.

ఇంటికి వచ్చాక

చాలామంది ఇక్కడితో ప్రయాణం అయిపోయిందనుకుంటారు. బస్తర్ విషయంలో అలా అనుకోకూడదు. మలేరియాను దోమ మోస్తుందని 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ కనుగొన్న సంగతి మీరు చదివే ఉంటారు. మన మైదానపు పట్టణాల్లో ఆ జబ్బు బాగా తగ్గింది గాని, బస్తర్ అడవుల్లో దానిపై పోరు ఈనాటికీ సాగుతోంది. 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్షలు చేసే కార్యక్రమాన్ని అక్కడ మొదలుపెట్టింది. అక్కడ ఎక్కువగా కనిపించేది మెదడుకు ఎక్కగల ఫాల్సిపారం రకం. కొండవాగుల్లో నిదానంగా పారే తేట నీటిలో గుడ్లుపెట్టే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమకు, వానలు ఆగి వాగులు నెమ్మదించే ఈ కార్తీక మార్గశిరాలు అనుకూలం. అంటే మన నడకకు ఏది మంచి కాలమో, దానికీ అదే.

ఆ దోమ కుట్టేది రాత్రిపూట. కాబట్టి కొండమీది పగటి కన్నా మీరు బస చేసిన చోటి రాత్రి ముఖ్యం. మందు పూసిన దోమతెర, పొడుగు చేతుల చొక్కా, ఒంటికి రాసుకునే దోమల మందు తప్పనిసరి. ముందుజాగ్రత్త మాత్రలు అవసరమా అన్నది వైద్యుడు చెప్పాలి. కుట్టిన మరునాడే జ్వరం రాదు. పరాన్నజీవి ముందు కాలేయంలో చేరి పెరిగి, తరవాత రక్తంలోకి దిగుతుంది. ఫాల్సిపారంలో దీనికి మామూలుగా 9 నుంచి 14 రోజులు పడుతుంది. అప్పటికి ఫొటోలు కూడా చూడటం అయిపోయి ఉంటుంది. నాన్నగారికి చలిజ్వరం వస్తే ఇంట్లో ఎవరికీ కొండ గుర్తుకు రాదు, ఫ్లూ అనుకుని రెండు రోజులు మాత్ర వేసి చూస్తారు. ఫాల్సిపారంలో ఆ రెండు రోజులే చాలా విలువైనవి. పెళ్లిరోజు తేదీ పక్కన కాలెండరులో మరో రెండు నెలల దాకా గీత గీసి ఉంచండి. ఆ లోపల ఇద్దరిలో ఎవరికి జ్వరం వచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించి, వైద్యుడు అడిగినా అడగకపోయినా 'బస్తర్ వెళ్లివచ్చాం' అని చెప్పండి.